కాలి ఆస

బ్లాకాఫీసు గుమాస్తా కిటికీలోంచే అంటాడు,
"కాలి ఆస."
ఒడియాలో, రేపు రమ్మని.
మా ఇంటి మాటలో అది
కాలి మీద ఆశ.

ఆ ఆశని నేను బరంపురం ఆసుపత్రిలోనే ఒగ్గేసి వచ్చాను.
తుపాను వెళ్లిన ఆరోరోజు
కరెంటు స్తంభం మీంచి పడ్డాను.
నడుముకి తాడు లేదు. ఉందని కాగితంలో రాశారు.
డాక్టరు ఫిల్ముని దీపం ముందు పెట్టి
వేలితో చూపించాడు:
ఇదిగో, ఇక్కడ లైను తెగింది.
లైన్‌మన్‌ని కదా, వెంటనే అర్థమయింది.
అతికించే మనిషి ఇంకా పుట్టలేదనీ అర్థమయింది.

ఇప్పుడు మోటార్లకి తీగ చుడతాను.
పర్లాకిమిడిలో, కోట వెనక, తలుపు లేని షెడ్డు.
పావుగంటకోసారి రెండు చేతుల మీదా లేచి
ఒళ్లు గాల్లో నిలబెడతాను,
లేకపోతే నాకు తెలియకుండానే నాకు పుండు పడుతుంది.
బస్కీలు తీస్తున్నాననుకుంటారు గిరాకీలు. అనుకోనీ.
సాయంత్రం అరచేతులకి సైకిలు ట్యూబు చుట్టుకుని
మహేంద్రతనయ వంతెన దాకా తొక్కుతాను.
చేత్తో తొక్కడం! మాటకే నవ్వొస్తుంది.
ఎత్తులో అందరూ నన్ను దాటతారు,
దిగుడులో నేను ఆటోలని దాటతాను.

సుబాసిని గమాంగో పడింది చింతచెట్టు మీంచి.
పింఛను సంతకానికి మూడు మెట్లు
చీర మోకాళ్లకి చుట్టుకుని పాకి ఎక్కింది.
ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు,
పక్కకి తప్పుకుని దారిచ్చారు.
ఆ మర్యాదే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు దరఖాస్తు.
ఆ మాట రెండు భాషల్లోనూ ఒకటే గనక
అదొక్కటీ నేను చెప్పాను,
మిగతా ఒడియా అంతా పక్కింటి ఝిల్లీ రాసింది.
"ఎత్తుకెళ్తాం, రండి" అన్నారు బంట్రోతులిద్దరూ.
మంచివాళ్లే.
వద్దన్నాను.
బస్తా ఎక్కేస్తే మెట్లు అలాగే ఉండిపోతాయి.

పదకొండు కాలి ఆసల తరవాత ర్యాంపు కట్టారు.
కొబ్బరికాయ, ఫొటో.
ఫొటోలో నా బ్రేకు వేసి ఉంది, ఎవరికీ కనబడదు.
రసమట్టం తీసి సిమెంటు మీద పెడితే
బుడగ మూలకి పరిగెత్తింది
బడికి ఆలస్యమైన పిల్లాడిలా.
నాలుగడుగుల పొడవులో అడుగున్నర ఎత్తు!
మేస్త్రి దండాసి నెత్తి గోక్కున్నాడు:
"మేక ఎక్కుతుంది, భాయి."
"మేకకి పింఛను లేదు కదా, భాయి."

అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు.
ఇద్దరం బొగ్గుతో నేల మీద గీశాం.
పద్దెనిమిది అడుగుల గీత తిన్నగా పోయి
ఆఫీసరు గారి కారు షెడ్డులో దూరింది.
అక్కడే ఆగింది, ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిది నెలలూ ఏటని చెప్పను.
ఒంటేలు సంచీ గోనె కింద దాచుకుని, ఎండలో,
నేనూ, సుబాసినీ, జీలుగు చెట్టు మీంచి
కొత్తగా పడ్డ కుర్రాడొకడూ,
అల్లం టీ తాగుతూ కొలతలు చెప్పుకునేవాళ్లం.
ఆ కుర్రాడికి ఇంకా కాలి ఆశ ఉంది.
మేం దాన్ని ముట్టుకోలేదు.

చివరికి షెడ్డు జరిగింది.
ఎవరి మనసూ మారి కాదు,
కొత్త ఆఫీసరుకి కారు చిన్నది.

ఇవాళ పొద్దున్న ఎక్కాను. తోసేవాళ్లు లేకుండా.
భుజాలు మండి సగంలో ఒకసారి ఆగాను.
వెనక కాంటీనుకి గ్యాసుబండ తోసుకొస్తున్నవాడు
"జరుగు, జరుగు" అని అరిచాడు.
జీవితంలో అంత ఇష్టంగా ఎవరి కసురూ వినలేదు.

కిటికీ అవతల ఉండే బల్లని మొదటిసారి చూశాను.
నా గడ్డం దాకా ఉంది.
గుమాస్తా మొహమెత్తాడు, నేను టేపు తీశాను.
ఒడియాలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట, కాలి.
"కాలి ఆసిబి" అన్నాను,
రేపు వస్తానని,
టేపు చుట్టుకుంటూ.